సెప్టెంబరు మాత్ర

మంచు తోసే బండికి
చక్రాల గొలుసులు వెతుక్కునే వారంలోనే
డాక్టర్ హాల్డిస్ చీటీ రాస్తుంది.
బయట ఇంకా బోలెడు వెలుతురు.
వార్డో రేవులో పడవ అంచుల మీద
సముద్రపు కాకులు పోట్లాడుకుంటున్నాయి.
నాకిప్పుడు ఏ బాధా లేదంటాను.
"అందుకే ఇప్పుడు" అంటుంది.
"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, టోర్గున్."

మీగడ రంగు మాత్ర. పొద్దున్నే ఒకటి.
మొదటివారం నోరు పిడచగట్టుకుపోతుంది,
కాఫీ ఇనప రుచి కొడుతుంది,
కలలకి మాత్రం ఎక్కడలేని రంగులు.
ఒక రాత్రి మా లెక్కల మాస్టారు
కాడ్ చేపని చంకలో పెట్టుకొచ్చి
పదిహేడో ఎక్కం అప్పజెప్పమన్నాడు.
నిద్రలోనే పకపకా నవ్వానట.
పొద్దున ఎయ్‌లిఫ్ చెప్పాడు, కాస్త భయంగా.

నవంబరు చివర సూర్యుడు రావడం మానేస్తాడు.
రాడని క్యాలెండర్లోనే ఉంది,
ఎవరూ మోసపోయింది లేదు.
అయినా పన్నెండయ్యేసరికి
దక్షిణానికి ఒక్కసారైనా తల తిప్పని మనిషి
ఈ దీవిలో ఉండడు.

నాన్న కూడా తిప్పేవాడు, కొన్నాళ్లు.
తర్వాత గోడవైపు తిరిగేవాడు.
సగం అల్లిన వల కొక్కేనికి అలాగే,
సూప్ గిన్నె మీద తెట్టు అలాగే.
"నాన్నకి నడుం నొప్పి" అనేది అమ్మ,
మాకూ, పొరుగువాళ్లకీ, ఒకే గొంతుతో.
ఫిబ్రవరిలో ఆ నొప్పి తగ్గేది.
లేచి, గడ్డం గీసుకుని,
అప్పులవాళ్ల వీధిలో నడిచినట్టు
తల వంచుకుని పడవ దగ్గరికి వెళ్లేవాడు.
పద్నాలుగు చలికాలాలు.
ఊరంతా ఆ నడుం గురించి అడిగింది.
నాన్న గురించి ఎవరూ అడగలేదు.

నాకు ముప్ఫై ఎనిమిదో ఏట వచ్చింది
ఆ నడుం నొప్పి.
తెల్లవారుజాము మూడింటికి
వంటింటి నేల మీద కూచుని
ఒక బూటు లేసు, నలభై నిమిషాలు.
బడి దారిలో మంచు అలాగే ఉండిపోయింది.
ఫోను మోగుతుంటే లెక్కపెట్టాను.
పదకొండు సార్లు.
ఎత్తడం అనే పని ఒకటుందని తోచలేదు.

ముందు వెలుగుపెట్టె ఇచ్చారు.
దాని ముందు రోజూ అరగంట,
కొట్టులో అమ్మకానికి పెట్టిన చేపలా.
కొందరికి అదే చాలునట.
నాకు చాల్లేదు.

"మాత్ర సంతోషాన్నిస్తుందా?" ఎయ్‌లిఫ్ ఒకసారి అడిగాడు.
లేదు.
చీకటి చీకటిగానే ఉంది.
కాకపోతే ఇప్పుడది కిటికీ అవతల ఉంది.
లేసు లేసంతే ఉంది.

మొన్న కోటగోడ పక్కన మంచు తోస్తుంటే గుర్తొచ్చింది.
నా చిన్నప్పుడు లోపల ఒక రోవన్ చెట్టుండేది.
ఈ దీవిలో చెట్లు బతకవు, గాలి ఒప్పుకోదు.
అందుకని చలి ముదరకముందే
సైనికులు దానికి కంబళ్లు చుట్టేవారు.
మనసు గట్టి చేసుకోమని
దాంతో ఎవరూ అనలేదు.
తోటి చెట్లని చూసి నేర్చుకోమనడానికి
తోటి చెట్లు లేవు.
ముడులు బాగా వేస్తాడని
అక్టోబరులో నాన్నని కూడా పిలిచేవారు.
వెళ్లేవాడు. ఒక్కో కొమ్మకీ
గాలి దూరకుండా తాడు బిగించి,
చేతులు దులుపుకుని ఇంటికొచ్చి
గోడవైపు పడుకునేవాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం కోట మీద ఫిరంగి పేలింది.
సూర్యుడు పూర్తిగా కనిపించాడన్నమాట.
బడికి సెలవు. పిల్లలు అరుస్తూ
నేను తోసిన దారిలోనే పరిగెత్తారు.
నోరు ఎండిపోయి ఉంది.
సీసాలో నీళ్లు ఒక గుక్క తాగాను.
అద్దం మీద పడ్డ నారింజ వెలుగుకి
కళ్లు చిట్లించాను గానీ
బండి ఆపలేదు.
ఇంకా రెండు వీధులు మిగిలాయి.